ఘాట్ ఎక్కే ముందు టైమింగ్ సంగతి



పెద్దదోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్న డీజిల్ కారు ఒకటి ఊహించుకోండి. లోపల ఐదుగురు, డిక్కీ నిండా సామాను, పైన ఎండ, ఏసీ ఆడుతోంది. డ్రైవరు రెండో గేరులో లాగిస్తున్నాడు. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోంది, అంటే సెకనుకు 50. నాలుగు సిలిండర్లకు రెండేసి చొప్పున ఎనిమిది వాల్వులు. ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఎనిమిదింటికీ కలిపితే సెకనుకు 200 సార్లు. పిస్టన్ పైకొచ్చే వేళకు వాల్వు తప్పుకుని తీరాలి, ఒక్కసారి కూడా ఆలస్యం కాకూడదు. ఈ లెక్క తప్పకుండా చూసేది ఇంజన్ ముందు కవరు వెనక దాగి ఉండే ఓ రబ్బరు బెల్టు, లేదా ఓ ఇనప చైన్, లేదా కొన్ని గేర్లు. మూడింటిలో ఏది మేలు? మార్కాపురం, కంభం, గిద్దలూరు, యర్రగొండపాలెం రోడ్ల మీద తిరిగే బండికి ఏది ఎంత జాగ్రత్త అడుగుతుంది? ఈ పూట అదే మాట్లాడుకుందాం.

ముందు ఆ భాగం చేసే పనేమిటో చూద్దాం. ఇంజన్ అడుగున క్రాంక్ షాఫ్ట్ ఉంటుంది. పిస్టన్లు దాన్ని తిప్పితే అది చక్రాలను తిప్పుతుంది. వాల్వులను తెరిచేది క్యామ్ షాఫ్ట్. ఇప్పటి కార్లలో అది పైన, హెడ్డులో ఉంటుంది. గాలి పీల్చడం, దాన్ని నొక్కడం, మండించడం, పొగ బయటికి తోయడం, ఈ నాలుగు పనులూ పూర్తయ్యేసరికి క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది, క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. అందుకే క్రాంక్ పుల్లీకి 20 పళ్లుంటే క్యామ్ పుల్లీకి 40 ఉంటాయి. అలాంటి ఇంజన్‌లో ఒక్క పన్ను జారితే క్రాంక్ దగ్గర 18 డిగ్రీల తేడా వస్తుంది. బండి స్టార్టయినా లాగదు, పొగ వస్తుంది, మైలేజీ పడిపోతుంది. ఇంకా జారితే స్టార్టే కాదు. చాలా ఇంజన్లలో అప్పటికే వాల్వు పోయి పిస్టన్‌కు తగిలి ఉంటుంది.

ఈ మూడు పద్ధతులనూ చూడటానికి ఎక్కడికో పోనక్కర్లేదు, మన వీధిలోనే ఉన్నాయి. పాత బుల్లెట్‌లో క్యాములు కింద, క్రాంక్ పక్కనే ఉంటాయి. వాటిని తిప్పేవి గేర్లు. అక్కడి నుంచి పొడుగాటి పుష్ రాడ్లు పైకి పోయి వాల్వులను కదిలిస్తాయి. 1994లో వచ్చిన స్ప్లెండర్‌లో క్యామ్ పైన హెడ్డులో ఉంటుంది, కిందినుంచి దానిదాకా సన్నటి చైన్ నడుస్తుంది. మెకానిక్ బండి దగ్గర చెవి పెట్టి విని "టైమింగ్ చైన్ కొడుతోంది" అన్నాడంటే ఆ చైన్ గురించే, వెనక చక్రం చైన్ గురించి కాదు. ఇక 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800. దాని మూడు సిలిండర్ల ఇంజన్‌లో క్యామ్‌ను తిప్పింది రబ్బరు బెల్టు.

బావుల మీద కరెంటు మోటార్లు రాకముందు ఐదు హార్స్ పవర్ డీజిల్ ఇంజన్లు ఆడేవి. వాటిని విప్పి బిగించిన రైతులకు టైమింగ్ అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. గేర్ల మీద చుక్కలు కొట్టి ఉంటాయి. ఆ చుక్కలు ఎదురెదురుగా పడేలా గేర్లు కలపాలి. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా ఇంజన్ దారికి రాదు. ఇవాళ్టి కారులోనూ పని అదే, గుర్తులు కలపడమే. కొలతలు మాత్రం ఇంకా బిగువు.

గేర్ల సంగతి తొందరగా ముగించవచ్చు, అవి మనిషిని ఇబ్బంది పెట్టేది తక్కువ కాబట్టి. పలకల లోడుతో వెళ్లే లారీల్లో, మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లలో సాధారణంగా గేర్లే ఉంటాయి. అక్కడ గేర్ల మీద క్యామ్ ఒక్కటే ఆధారపడి ఉండదు. పాత పద్ధతి డీజిల్ పంపును, లారీల్లోనైతే బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్‌ను కూడా అవే తిప్పాలి. అంత బరువు పనికి ఇనప పళ్లే తగినవి. అవి సాగవు, జారవు, ఆయిల్ శుభ్రంగా ఉంటే ఇంజన్ ఉన్నన్నాళ్లూ ఉంటాయి. మరి కార్లలో ఎందుకు పెట్టరు? క్యామ్ పైన హెడ్డులో కూర్చున్నాక కిందినుంచి పైదాకా గేర్లే కావాలంటే మధ్యలో మరో రెండు మూడు గేర్లు చేర్చాలి. బరువు, ఖర్చు, అన్నిటికీ మించి చప్పుడు. ఆ చప్పుడు తగ్గించడానికే కొన్ని పాత పెట్రోలు ఇంజన్లలో క్యామ్ గేరును ఇనుముతో కాకుండా ఫైబరుతో చేశారు. అది అరిగి పళ్లు రాలిపోవడం ఇంకో తలనొప్పి అయింది. ట్రాక్టరున్న రైతు టైమింగ్ గురించి దిగులు పడక్కర్లేదు. వేళకు ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ చూసుకుంటే చాలు.

మన తొలితరం కార్లకు చైన్ ఉండేది. మాంచెస్టర్‌లో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో బుష్ రోలర్ చైన్ తయారు చేశాడు. సైకిల్ నుంచి కారు దాకా అన్ని చైన్లకూ దారి అక్కడే పడింది. అంబాసిడర్‌కు చాలాకాలం ఉన్న 1,489 సీసీ పెట్రోలు ఇంజన్‌లోనూ, పద్మినికి వాడిన 1,089 సీసీ ఫియట్ ఇంజన్‌లోనూ చైనే. ఆ ఇంజన్లలో క్యామ్ కింద బ్లాకులోనే ఉండేది కాబట్టి చైన్ పొట్టిగా ఉండేది. పొట్టి చైన్‌కు రోగాలు తక్కువ. క్యామ్‌ను హెడ్డులోకి ఎక్కించాక చైన్ పొడుగైంది, చప్పుడు పెరిగింది. అప్పుడే రబ్బరు బెల్టు ముందుకొచ్చింది. పళ్లున్న బెల్టు మొదట పుట్టింది 1940లలో, అమెరికాలో, కుట్టు మిషన్ల కోసం. జర్మనీలో డింగోల్ఫింగ్ అనే ఊళ్లో చిన్న కార్లు చేసే గ్లాస్ కంపెనీ 1962లో తన 1004 మోడల్‌లో క్యామ్ తిప్పడానికి దాన్ని వాడింది. ఎక్కువ సంఖ్యలో తయారైన కార్లలో బెల్టుతో వచ్చిన మొదటిది అదే. 1966లో ఫియట్ కూడా ఆ దారి పట్టింది.

బెల్టు తేలిక, చవక, చప్పుడు చేయదు, ఆయిల్ అడగదు. దాని మీద ఓ ప్లాస్టిక్ కవరు బిగిస్తే సరిపోతుంది. అందుకే మన దేశంలో కారు సామాన్యుడి ఇంటికి చేరిన కాలమంతా బెల్టు కాలమే. మారుతి 800, ఓమ్ని, జెన్, ఎస్టీమ్, 1998లో వచ్చిన శాంత్రో, అదే ఏడాది చివర్లో వచ్చిన ఇండికా డీజిల్, ఆ తర్వాత క్వాలిస్, 2005లో వచ్చిన పాత ఇన్నోవా డీజిల్, డస్టర్ డీజిల్, అన్నీ బెల్టు బళ్లే. మన పల్లెలకు సరుకు మోసే పాత టాటా ఏస్‌లోని రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్ ఇండికా ఇంజన్ నుంచి వచ్చిందే, దానికీ బెల్టే. మన ప్రాంతంలో ట్యాక్సీలుగా, పెళ్లి బళ్లుగా, ఆస్పత్రి పరుగులకు ఏళ్ల తరబడి తిరిగిన కార్లలో ఎక్కువ భాగం ఈ జాబితాలోనే ఉన్నాయి. కాబట్టి బెల్టు దగ్గర కాసేపు ఆగుదాం.

కవరు విప్పితే రెండు రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున్న నల్లటి పట్టీ కనబడుతుంది. పైకి రబ్బరే, కానీ బలమంతా లోపలుంది. పొడవునా గాజు పీచు తాళ్లు పోసి ఉంటాయి, లాగుడును ఓర్చేవి అవి. పళ్ల వైపు అరగకుండా నైలాన్ గుడ్డ అతికి ఉంటుంది. కొత్త బెల్టు పళ్లు మొద్దుగా, మెరుపు లేకుండా ఉంటాయి. పాతబడ్డ బెల్టును వేళ్లతో మెలిపెట్టి వెనక్కి వంచితే పన్ను మొదట్లో సన్నటి పగుళ్లు కనబడతాయి. వీపు అద్దంలా మెరుస్తుంది. అంచున దారాలు లేచి ఉంటే బెల్టు పక్కకు రాసుకుంటోందని, బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బేరింగో పుల్లీయో వంకర పోయిందని అర్థం. తడిగా, జిడ్డుగా ఉంటే క్యామ్ దగ్గరో క్రాంక్ దగ్గరో ఆయిల్ సీల్ కారుతోంది. ఆయిల్ తాగిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, అలాంటి బెల్టును ఒక్కరోజు కూడా నమ్మకూడదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ గుర్తులేవీ లేకుండా, చూడ్డానికి బాగానే ఉన్న బెల్టు కూడా తెగుతుంది. లోపలి గాజు తాళ్లు అలిసిపోయిన సంగతి పైకి తెలియదు. గంటకు సగటున 40 కిలోమీటర్లు, ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు అనుకుంటే, లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి క్రాంక్ 30 కోట్ల చుట్లు తిరిగి ఉంటుంది. ప్రతి చుట్టుకూ ఆ తాళ్లు వంగాయి, నిటారయ్యాయి. అందుకే కంపెనీలు బెల్టును చూసి మార్చమని అనవు, లెక్క చూసి మార్చమంటాయి. బండిని బట్టి 60,000 నుంచి లక్ష కిలోమీటర్లు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. దాంతోపాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది, సాధారణంగా నాలుగైదేళ్లు. రెండింటిలో ఏది ముందొస్తే అది. మీ బండి పుస్తకంలో ఏ అంకె ఉంటే అదే ప్రమాణం.

తెగితే ఏమవుతుంది? క్యామ్ ఆగిపోతుంది. ఆగిన చోట కొన్ని వాల్వులు తెరుచుకునే ఉంటాయి. బండి వేగానికి క్రాంక్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది, పిస్టన్లు వచ్చి తెరిచి ఉన్న వాల్వులను గుద్దుతాయి. కొన్ని పెట్రోలు ఇంజన్లలో పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య చాలినంత జాగా వదిలారు. అక్కడ బెల్టు తెగినా నష్టం ఉండదు, కొత్త బెల్టు వేసి గుర్తులు కలిపితే బండి లేస్తుంది. డీజిల్‌లో ఆ జాగా ఉండదు. ఇండికా డీజిల్ గాలిని 22 వంతుల నుంచి ఒక వంతుకు నొక్కుతుంది. పైకొచ్చిన పిస్టన్‌కూ హెడ్డుకూ మధ్య మిగిలేది మిల్లీమీటరుకు అటూ ఇటూ. అక్కడ వాల్వులు వంగక తప్పదు. హెడ్డు దించాలి, వాల్వులు, గైడ్లు మార్చాలి, ఒక్కోసారి పిస్టన్లకూ క్యామ్‌కూ దెబ్బ తగిలి ఉంటుంది. మారుతి 800 బెల్టు ధర వందల్లో ఉంటుంది, డీజిల్ బండి బెల్టు కిట్టు వేలల్లో. హెడ్డు దించిన బిల్లు దానికి ఎన్నో రెట్లు.

ఘాట్‌లో ఇది జరిగితే డబ్బుకన్నా ముందు ప్రాణం సంగతి చూడాలి. పెద్ద చప్పుడేమీ రాకపోవచ్చు, ఇంజన్ ఉన్నట్టుండి చచ్చిపోతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ రెండు మూడు తొక్కులకు అయిపోతుంది, తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. కాబట్టి బ్రేకును పదేపదే తొక్కకుండా ఒక్కసారి గట్టిగా నొక్కి పట్టి, కొండ వైపు పక్కకు తీసి ఆపండి. హ్యాండ్ బ్రేకు వేసి చక్రం కింద రాయి పెట్టండి. ఆ తర్వాత సెల్ఫ్ ఒక్కసారి కొట్టి చూస్తే తెలుస్తుంది, ఎప్పుడూ లేనంత తేలిగ్గా, ఖాళీగా గిర్రున తిరుగుతుంది. కంప్రెషన్ లేదన్నమాట. అక్కడితో ఆపేయాలి, మళ్లీ సెల్ఫ్ ముట్టుకోకూడదు. మన దగ్గర అందరికీ తోచే ఉపాయం, పల్లంలోకి వదిలి గేరులో పెట్టి స్టార్ట్ చేయడం. బెల్టు తెగిన బండికి అది ప్రాణాంతకం. తగలకుండా మిగిలిన వాల్వులు కూడా ఆ దెబ్బతో వంగుతాయి. శ్రీశైలం అడవిలో చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా చెక్‌పోస్టులు మూసేస్తారు. గిద్దలూరు నుంచి నంద్యాలకు నల్లమల దాటే దారిలోనూ మెకానిక్ దొరికే చోటు దగ్గర్లో ఉండదు. పిల్లలతో, పెద్దవాళ్లతో అక్కడ చిక్కుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

తోసి స్టార్ట్ చేయడం గురించి ఇంకో సంగతి. బ్యాటరీ దిగిపోయిన బండిని నలుగురు తోస్తే క్లచ్ వదలగానే ఒక్క కుదుపుతో ఇంజన్ లేస్తుంది. ఆ కుదుపంతా బెల్టు పళ్ల మీద పడుతుంది. పాత బెల్టయితే పన్ను జారవచ్చు. బెల్టు డీజిల్ ఉన్నవాళ్లు ఆ అలవాటు మానుకుని, మరో బండి బ్యాటరీ నుంచి వైర్లు కలిపి స్టార్ట్ చేసుకోవడం మంచిది.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి. కంపెనీ పుస్తకంలో ఉన్న అంకె సాధారణ వాతావరణానికి రాసింది. మన దగ్గర మే నెలలో ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. ఆ ఎండలో ఘాట్ ఎక్కే ఇంజన్ చుట్టూ వేడి ఇంకెంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. వేడికి రబ్బరు గట్టిపడుతుంది, గట్టిపడ్డది పగులుతుంది. రెండోది దుమ్ము. మార్కాపురం చుట్టుపక్కల పలకల గనులు, పలకలు కోసే యూనిట్లు ఉన్న దారుల్లో లేచే దుమ్ము మామూలు మట్టి దుమ్ము కాదు. పలక రాయిలో క్వార్ట్జ్ ఉంటుంది, అది ఇనుమును కూడా అరగదీస్తుంది. ఆ దుమ్ము కూలీల ఊపిరితిత్తులకు చేసే హాని ఎంత పెద్దదంటే, దానికి వేరే ప్రసంగమే కావాలి. బండి విషయానికొస్తే, బెల్టు కవరు పగిలి ఉన్నా, నాలుగు బోల్టుల్లో రెండే ఉన్నా, ఆ పొడి లోపలికి చేరి పన్నుకూ పుల్లీకీ మధ్య ఆకురాయిలా పని చేస్తుంది. కవరు బోల్టులు పోతే పోయాయిలే అని వదిలేయడం షెడ్లలో మామూలైపోయింది. అలా వదలొద్దని మీ మెకానిక్‌కు చెప్పండి. ఈ వేడికీ దుమ్ముకూ లెక్క వేసుకుని, పుస్తకంలో లక్ష అని ఉంటే మన రోడ్ల మీద 80,000 దగ్గరే మార్చేయమని నా సలహా.

మూడోది బండి నిలబడి ఉండటం. హైదరాబాద్, బెంగళూరులలో ఉద్యోగాలు చేసే పిల్లలు కొని ఊళ్లో తల్లిదండ్రుల దగ్గర వదిలిన కార్లు చాలా ఉన్నాయి. ఆస్పత్రికో పెళ్లికో తీస్తారు, మిగతా రోజుల్లో వేపచెట్టు కింద ఉంటాయి. పదేళ్లయినా మీటరు మీద 30,000 దాటవు. వాటి యజమానులు బెల్టు మార్చే కిలోమీటర్లు ఇంకా రాలేదనుకుంటారు. బెల్టుకు ఏళ్ల లెక్క ఉందని మరిచిపోకండి. ఆ కారులో శివరాత్రికి శ్రీశైలం బయల్దేరే ముందు బెల్టు మార్చి తీరాలి.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకు ఈ విషయం ఇంకా ముఖ్యం. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద 2015 నుంచి ఆంక్షలు వచ్చాక, అక్కడి కార్లు ఎన్‌వోసీ మీద ఇతర రాష్ట్రాలకు అమ్ముడయ్యాయి. అలా వచ్చిన బండి అందంగానే ఉంటుంది, సర్వీసు చరిత్ర మాత్రం వెంట రాదు. మీటరు వెనక్కి తిప్పడం ఎలాగూ ఉంది. పాత ఇన్నోవాలో బెల్టు గడువు రాగానే డ్యాష్ బోర్డు మీద టీ-బెల్ట్ అనే లైటు వెలుగుతుంది. మంచి ఏర్పాటే, కానీ బెల్టు మార్చకుండానే ఆ లైటును రీసెట్ చేయవచ్చు. కాబట్టి లైటు వెలగడం లేదన్న మాట బెల్టు కొత్తదని చెప్పడానికి చాలదు. బిల్లు చూపించలేని బెల్టు బండి కొంటే, బేరంలోనే ఆ ఖర్చు తగ్గించుకుని, ఇంటికి తేకముందే బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు, ఆయిల్ సీళ్లు కలిపి మార్పించండి. డస్టర్ డీజిల్ లాంటి వాటిలో వాటర్ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే, దాన్నీ అప్పుడే మార్చాలి. ఉత్త బెల్టు వేసి పాత బేరింగు వదిలేస్తే, ఆ బేరింగు పట్టేసిన రోజు కొత్త బెల్టు కూడా పోతుంది.

మోడల్ పేరు చూసి బెల్టో చైనో తేల్చుకోలేమని కూడా గుర్తుంచుకోండి. ఆల్టో 800కు బెల్టు, ఆల్టో కే10కు చైన్. ఐ10లో 1.1 లీటరు ఇంజన్‌కు బెల్టు, 1.2 కప్పా ఇంజన్‌కు చైన్. మొదటి స్విఫ్ట్ 1.3 పెట్రోలుకు బెల్టు, 2010 నుంచి వచ్చిన 1.2కు చైన్. పాత ఇన్నోవా డీజిల్‌కు బెల్టు, 2016లో వచ్చిన క్రిస్టా డీజిల్‌కు చైన్. ఆర్‌సీలో ఉన్న ఏడాది, ఇంజన్ సీసీ చూపించి అడగండి.

ఈ మార్పులోనే ఓ సంగతి కనబడుతుంది. కంపెనీలు మళ్లీ చైన్ వైపు తిరిగాయి. చప్పుడు తగ్గించే కొత్త రకం చైన్లు, ఆయిల్ ప్రెషర్‌తో బిగువు తనే సరిచేసుకునే టెన్షనర్లు వచ్చాయి. ఇన్ని కిలోమీటర్లకు మార్చాలన్న గడువు లేదు కాబట్టి కొనేవాడికి ఆకర్షణ. "చైన్ బండి సార్, జీవితాంతం చూడక్కర్లేదు" అని అమ్మేవాళ్లు చెబుతారు. ఆ మాటలో సగమే నిజం.

చైన్ ఆయిల్‌లో బతుకుతుంది. లింకు లింకుకూ ఒక పిన్ను, దాని చుట్టూ బుష్. మధ్యలో ఉండే పలచటి ఆయిల్ పొర వాటిని కాపాడుతుంది. ఆయిల్ పాతబడి నల్లబడితే, అందులో చేరిన డీజిల్ మసి, ఎయిర్ ఫిల్టర్ దాటి వచ్చిన దుమ్ము, ఆ పిన్నులను రుద్దడం మొదలుపెడతాయి. ఒక్కో కీలు దగ్గర రెండు వందో వంతుల మిల్లీమీటరు అరిగిందనుకోండి, కంటికి కనబడదు. వంద లింకులున్న చైన్‌లో అదే రెండు మిల్లీమీటర్లు అవుతుంది. టెన్షనర్ బయటికి జరిగి ఆ వదులును కొంతవరకు సర్దుతుంది, దానికీ ఒక హద్దుంది. హద్దు దాటాక చైన్ గైడ్‌లను కొడుతుంది, పన్ను జారుతుంది, చివరికి బెల్టు తెగినప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది.

మన రోడ్ల మీద దీనికి బాగా తెలిసిన ఉదాహరణ 1,248 సీసీ మల్టీజెట్ డీజిల్. స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా, రిట్జ్, ఇండికా విస్టా, ఇలా ఎన్నో బళ్లలో ఆ ఇంజనే ఉంది. మంచి ఇంజన్, మైలేజీకి పేరు పడింది. చైన్ సన్నటిది. వేళకు సరైన ఆయిల్ పోసిన బళ్లు రెండు లక్షలు దాటినా చైన్ ముట్టకుండా తిరుగుతున్నాయి. ట్యాక్సీగా తిప్పి, ఆయిల్ మార్చకుండా పైపైన లీటరు కలుపుతూ నెట్టుకొచ్చిన బళ్లలో ఆ లోపే చైన్ మోగుతుంది. చైన్ కిట్టు మార్చడం బెల్టు మార్చినంత తేలిక కాదు. ఆయిల్ పాన్ దించాలి, ముందు కేసింగ్ మొత్తం విప్పాలి. రోజులు పడతాయి, బిల్లూ ఎక్కువే.

చైన్ మంచితనం ఒకటుంది, అది పోయే ముందు చెబుతుంది. రాత్రంతా నిలబడ్డ బండిని పొద్దున స్టార్ట్ చేసి బానెట్ ఎత్తి వినండి. టెన్షనర్‌లోకి ఆయిల్ ఎక్కేదాకా ఒకటి రెండు సెకన్లు గలగల వినబడితే కంగారు లేదు. నాలుగైదు సెకన్లు దాటినా ఆగకపోతే, వేడెక్కాక కూడా యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా గరగరమంటే, వెంటనే షెడ్డుకు తీసుకుపోవాలి. పాటలు పెద్దగా పెట్టుకుని ఆ చప్పుడును దాటేయకండి. సెకండ్ హ్యాండ్ చైన్ బండి చూడటానికి వెళ్లేటప్పుడు, మీరు వచ్చేసరికి ఇంజన్ వేడి చేసి ఉంచొద్దని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి. చల్లటి స్టార్టు మీ చెవులతో వినాలి.

బెల్టులో మరో రకం వచ్చింది, ఆయిల్‌లో తడుస్తూ తిరిగేది. 2013లో ఎకోస్పోర్ట్‌తో వచ్చిన ఒక లీటరు ఎకోబూస్ట్ పెట్రోలు ఇంజన్‌లో అలాంటిది ఉంది. కంపెనీ చెప్పిన ఆయిల్ కాకుండా వేరేది పోసినా, వేళ దాటినా, ఆ బెల్టు రబ్బరు పొట్టు రాలి ఆయిల్ పంపు జల్లెడను మూసేస్తుంది. అప్పుడు ఆయిల్ అందక ఇంజన్ మొత్తానికే ముప్పు. ఆ బండి తయారు చేసిన కంపెనీ 2021లో మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ బండి ఉన్నవాళ్లు ఆయిల్ విషయంలో రాజీ పడొద్దు. కొత్తగా కొనాలనుకునేవాళ్లకు, పూర్తి సర్వీసు కాగితాలు లేకుండా మన ప్రాంతంలో ఆ ఇంజన్ జోలికి పోవద్దనే చెబుతాను.

ఇక నా తీర్పు అడిగితే ఇలా చెబుతాను. లోడుకు, పొలానికి గేరు. దానికి సాటి లేదు. కారు కొత్తగా కొనేవాళ్లకు, ఆయిల్ వేళకు మార్చే ఓపిక ఉంటే, మన ఎండకూ దుమ్ముకూ చైన్ మేలు, ఎందుకంటే అది మూసిన కేసింగ్‌లో ఉంటుంది, పోయే ముందు మోగుతుంది. చేతిలో ఇప్పటికే బెల్టు బండి ఉన్నవాళ్లు దాన్ని అమ్మేయాల్సిన పనేం లేదు. వేళకు మార్చిన బెల్టు చైన్‌కు ఏమాత్రం తీసిపోదు, మార్చడం తేలిక, ఖర్చు ముందే తెలుస్తుంది. ఆయిల్ గురించి పట్టించుకోని చేతుల్లో చైన్ బండి కన్నా, లెక్క రాసుకునే చేతుల్లో బెల్టు బండి ఎక్కువ కాలం బతుకుతుంది.

మెకానిక్ సోదరులకు ఓ విన్నపం. బెల్టు మార్చిన ప్రతి బండికీ తేదీ, మీటరు మీది కిలోమీటర్లు ఓ స్టిక్కరు మీద రాసి, బెల్టు కవరు మీదో బానెట్ లోపలో అంటించండి. గుర్తులు కలిపాక సెల్ఫ్ కొట్టేముందు క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, ఎక్కడా తగలడం లేదని, గుర్తులు మళ్లీ కలిశాయని చూడండి. ఐదు నిమిషాల పని, ఓ కుటుంబాన్ని అడవిలో నిలబెట్టకుండా కాపాడుతుంది.

బళ్లున్న శ్రోతలకు చివరి మాట. ఈ వారంలోనే మీ సర్వీసు పుస్తకం తీయండి. మీ ఇంజన్‌కు ఉన్నది బెల్టో, చైనో, గేర్లో తెలుసుకోండి. బెల్టయితే ఎప్పుడు మార్చారో బిల్లు వెతకండి. బిల్లు దొరక్కపోతే మార్చలేదనే లెక్క, ఘాట్ ఎక్కే ముందు మార్పించండి.